క్యారియర్ ఖాళీగా పంపకూడదు

అందమైనది ఎవరడిగారు పర్మోనో? చావనిది ఇవ్వమన్నాను. ఆ నీలంది, ఆ ఊదాది, అవన్నీ పక్కన పెట్టు. నీళ్ళు కాస్త వేడెక్కితే ముడుచుకుపోయే సుకుమారాలు నాకెందుకు?

అదిగో, ఆ మూలనున్న మెత్తటి పగడం. పసిపిల్లల చేతుల్లా వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉంది చూడూ, అదే. మా ఆయన నీ కొట్టుకొస్తే దాని పక్కన నిలబడేవాడు కూడా కాదు. "సుమీరా, అది మన అద్దాల తొట్టిలోకొస్తే మిగతావన్నీ పోయినట్టే" అనేవాడు. ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి పాకుతుందట కదా? గీకి పారేస్తే మిగిలిన ముక్క మళ్ళీ మొలుస్తుందట కదా? తల ఊపావు, చాలు.

నాకా? నాక్కాదులే. మా ఆడపడుచు రహాయుకి.

అయ్యో, కోపమెందుకుండదు నాయనా! ఆయన పోయిన నలభయ్యో రోజు. ఇంటినిండా జనం. దువా చదవడం అయింది, అన్నాల పొట్లాలు పంచుతున్నారు. అప్పుడు, అందరూ వినేలా, "పాపం, వదినకి మతి నిలవడం లేదు. తొట్టిలో నీళ్ళు ఆవిరైనా ఉప్పు మిగిలే ఉంటుంది, మంచినీళ్ళు పోయాలా? మళ్ళీ ఉప్పునీళ్ళే పోసింది. అన్నయ్య పగడాలు రెండు చచ్చాయి" అంది. ఆడవాళ్ళందరూ నావైపు ఎలా చూశారనుకున్నావు! నేను కూడా పోయి నలభై రోజులైనట్టు.

మర్నాడే నలుగురు మనుషుల్ని తెచ్చి పెద్ద తొట్టి మోయించుకుపోయింది. ఆయన పేర్చిన రాళ్ళూ, పదిహేనేళ్ళు పెంచిన పుట్టగొడుగు పగడమూ, అన్నీ. నాకు చిన్న తొట్టి, అందులో విరిగిన రాయి ముక్క వదిలింది. "ఇదైతే నువ్వు చూసుకోగలవులే వదినా" అంది. మాట చూడు!

ఇప్పుడదంతా వాళ్ళ హాల్లో ఉంది. వచ్చిన వాళ్ళకల్లా "మా అన్నయ్య జ్ఞాపకం" అని చూపిస్తుందట. జ్ఞాపకమట! నా దగ్గర ఉంటే మరుపు, తన దగ్గర ఉంటే జ్ఞాపకం.

పండక్కి నాకు క్యారియర్ పంపింది. కొబ్బరిపాల కోడికూర, ఆకుబుట్టల్లో ఉడికించిన అన్నం. బాగానే ఉన్నాయి, అబద్ధమెందుకు. రెండు నెలలైంది. మొన్న ఫోన్ చేసి, ఎంత తియ్యటి గొంతనుకున్నావు, "వదినా, క్యారియర్ ఎక్కడ పెట్టావో మరిచిపోయావా?" అంది.

ఎక్కడ పెట్టాను? ఇదిగో, ఇక్కడ, నీ బల్ల మీద పెట్టాను.

ఖాళీ గిన్నెలు తిప్పి పంపే ఇల్లా మాది? ఏదో ఒకటి పెట్టాలి. అవతలివాళ్ళు వద్దనకూడదు. రహాయు వద్దనదు. తెలిసినవాళ్ళైతే దీన్ని విడిగా, ఇసుకలో దూరంగా ఒక రాయి మీద పెడతారు. తనకేం తెలుసు? అందరికీ కనిపించాలని నట్టనడుమ పెడుతుంది. ఏడాది తిరిగేసరికి హాలంతా చేతులే!

ఏమిటీ? ఆయన పుట్టగొడుగు పగడం కూడా పోతుందా?

పోనీ.

పోనీ అన్నానుగా. ఆ ఇంట్లో బతకడం కంటే నయం. సంచీ మూతి గట్టిగా కట్టు, కింది గిన్నెలో పెడదాం. ఎందుకలా నిలబడిపోయావు?

ఏమన్నావు?

పండగ మర్నాడు వచ్చానా? నేనా? ఇదే క్యారియర్ పట్టుకుని ఇదే పగడం కొనుక్కుపోయానా?

ఆగు. రెండు రోజులు నా తొట్టిలో ఉంచి, కుదుటపడ్డాక పంపించమని నువ్వే అన్నావా?

అయితే... విరిగిన రాయి మీద, పొద్దున్నే దీపం వేయగానే చేతులు తెరుస్తూ... అది ఇదేనా? ఆయన రాయిలోంచి దానంతటదే మొలిచిందనుకున్నాను పర్మోనో. ఆయనే పంపాడనుకుని రోజూ పలకరిస్తున్నాను. నిన్న అద్దం మీదికి కూడా పాకితే ఎంత సంబరపడ్డానో! ఇక్కడ చూడగానే గుర్తుపట్టినదాన్ని, ఇంట్లో గుర్తుపట్టలేదు చూశావా?

నవ్వు, నవ్వు. నవ్వడం లేదా? అది ఇంకా అన్యాయం.

సరే, చెప్పేస్తున్నాను. ఆ ఉప్పునీళ్ళు నేనే పోశాను. ఒకసారి కాదు, వారంలో మూడుసార్లు. రహాయు చెప్పింది నిజమే. అబద్ధమే చెప్పి ఉంటే ఎప్పుడో క్షమించేసేదాన్ని.

కట్టు. ఇంకోటి కట్టు. ఈసారి మా ఇంటికి పోను, ఇటునుంచిటే రిక్షాలో వాళ్ళింటికి పోతాను. ఈ కాగితం నా చేతిలోనే ఉంచుకుంటాను, పెద్ద అక్షరాలతో రాయి, 'రహాయుకి' అని. రాశావా? కింద ఎందుకో కూడా రాయి. నలభయ్యో రోజు సంగతి, తొట్టి సంగతి, అంతా రాయి.

దారిలో ఎందుకిస్తున్నానో కూడా మరిచిపోయాననుకో, ఇది నిజంగా కానుకైపోతుంది.