చివరి బెంచీకి గిన్నె

ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయారు. అందరూ వరసగా ఒక్కో గుక్క తాగే ప్రభుభోజనం గిన్నె తుడుస్తున్న పాస్టరు, తలుపులు మూస్తున్న సంఘపెద్దను పిలిచాడు. ఆయన సొంత అక్క మొగుడే.

"బావా, ఆ నల్లజాతి కుటుంబాన్ని ఇవాళ కూడా చివరి బెంచీలోనే కూర్చోబెట్టావేం?"

"గిన్నె ఆఖర్న చేరాలని. వాళ్లు తాగిన గిన్నెకి మనవాళ్లు పెదవి ఆనించరు కదా!"

"ఇవాళ ఖాళీ గిన్నే చేరింది. 'పర్లేదండీ, మాకు అలవాటే' అని ఆ తల్లి నవ్వింది. విసిగిపోయాను బావా. వచ్చే ఆదివారం వెనక బెంచీ నుంచే మొదలుపెడతా."

"సగంమంది లేచిపోతారు. నీ కొలువూ ఊడుతుంది."

"ఊడనీ. వాళ్ల తర్వాత తాగడానికి ఒక్కడు మిగిలితే చాలు."

బావ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"సరే, వాళ్ల పక్కన నేను కూర్చుంటా. మీ అక్కకి మాత్రం నువ్వే చెప్పుకో."