పిండి వలిచిన రొయ్య

ఏలూరులో కొత్తగా తెరిచిన కొరియన్ హోటల్లో, రొయ్యల చెరువు చేసే భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఏవండీ, ఆ వేపుడు రొయ్యకి పైన పిండి వలిచేస్తారేంటి? అలాగే నూడుల్స్ పులుసులో ముంచుకుని తినాలంట."

"ఇంత చిన్న రొయ్యని ఎవరు పట్టారే?"

"మన పక్క చెరువు కనకరాజు గారివేనండీ. ఈ హోటలు వాళ్ల అల్లుడిదేగా! నిన్న పట్టారంట."

"వచ్చే నెల పడతానన్నాడు! ఎదగని రొయ్యని పట్టేశాడంటే చెరువుకి వైరస్ తగిలినట్టే. మనకో మాట చెప్పలేదు చూడు."

"మరి ఆ చెరువు నీళ్లు ఎక్కడికి వదిలుంటారండీ?"

"ఇంకెక్కడికి, కాలువలోకే."

ఆమె చేతిలో నూడుల్స్ తినే పుల్లలు ఆగిపోయాయి.

"ఏవండీ... పొద్దున కాలువ నిండుగా ఉందని, మోటారు వేసి మన చెరువులోకి తోడేశానండీ."