చెంచమ్మ దోమల పసరు

పసరు చెంచమ్మని ఒకామె ఉండేదంట వాగొడ్డుపాలెంలో. ఊరంతటికీ ఆమే డాట్టరు అనుకో. చెవిపోటుకొక పసరు, పంటిపోటుకొక పసరు, సెగ్గడ్డకొక పసరు. ఇచ్చుద్ది గానీ ఏ ఆకు పసరో మాత్రం చెప్పదు. తెల్లారకముందే పైట కప్పుకోని పోయి ఆకు కోసుకొచ్చేదంట, తలుపేసుకోని దంచేదంట, పిప్పి కూడా ఎవరి కంటా పడకుండా గొయ్యి తీసి పూడ్చేదంట. ఎందుకంటే వాళ్ల అత్త పోతా పోతా చేతిలో చెయ్యేయించుకోని చెప్పింది, ఒసే చెంచీ, ఆకు పేరు బయట పెట్టావా గుణం పోద్ది, ఇంక అదీ గడ్డీ ఒకటే అని. కట్టుకున్న మొగుడు నాసరయ్యకి కూడా చెప్పలా. ఆయనా అడగలా, మెతక మనిషి పాపం. చేతులు ఆపబాకండమ్మా, శెనక్కాయలు ఒలస్తా వినండి, నోటితో కాదుగా మీరు ఒలిచేది.

ఏమైందంటే, ఆమె కూతురు తిరపతమ్మ పురిటికొచ్చింది. ఒక్కగానొక్క కూతురు, తొలికాన్పు. ఆడపిల్ల పుట్టింది. ఐదో నెలదాకా తల్లీపిల్లా నా దగ్గరే ఉంటారు, పొద్దున్నే మనవరాలిని కాళ్లమీద పడుకోబెట్టుకోని నీళ్లు పోస్తా అని చెంచమ్మ ఒకటే సంబరం. ఇరవయ్యొకటో రోజు ఉయ్యాల్లో వేస్తన్నారంటే వియ్యపురాలు మాణిక్యమ్మ వచ్చింది. ఆమె ఎట్టాంటి మనిషంటే, కూచుంటే కట్టిన చీర మడత నలగదు. పిల్లని ఎత్తుకుంది, బుగ్గ చూసింది, చెయ్యి చూసింది, ఏంది వదినా ఈ దద్దుర్లు అంది. దోమలు వదినా, వానాకాలం కదా అని చెంచమ్మ నసిగింది. దోమలు మా ఊళ్లోనూ ఉన్నయ్ వదినా, పిల్లని ఇట్టా పీక్క తినే దోమల్ని నేను యాడా చూళ్లా. నెల రోజులు చూస్తా. నేను మళ్లా వచ్చేసరికి పిల్ల ఒంటిమీద ఒక్క దద్దురు కనబడిందా, తల్లినీ పిల్లనీ ఆటో ఎక్కించుకోని తీసకపోతా. అనేసి, బొబ్బట్లు తిని మరీ పోయింది. చెంచమ్మకి గుండెల్లో రాయి పడింది.

పడిందా, కూచుందా? కూచోలా. ఆమెకి దోమల పసరు కూడా తెలుసు. పైన ఎగిరే దోమని ఎంతని కొడతాం, నీళ్లల్లో ఉన్నప్పుడే పట్టాలి దాన్ని. మీరు చూసే ఉంటారు, నిలవ నీళ్లల్లో తల కిందకీ తోక పైకీ పెట్టి ఏలాడతా ఉంటయ్ సన్న పురుగులు, చెంబు ముంచితే బుళుక్కున అడుక్కి పోతయ్. అయ్యే దోమపిల్లలు. చెంచమ్మ పసరు తీసి, వడగట్టి, అంట్లు తోమే కాడ తన జాలాడి గుంటలో పోసింది, వాడని పాత రోట్లో వాననీళ్లుంటే అందులో పోసింది. రెండోనాటికి పురుగులన్నీ తేలినయ్. కానీ ఏం లాభం? పక్కన గురవమ్మ ఇంట్లో పుట్టిన దోమ గోడ దూకి రాదా? దోమకి మనిల్లూ పొరుగిల్లూ ఉందా ఏంది! అందుకని ఈమె బిందెడు పసరు తీసి, సీసాలకి పోసి, అరవై గడపలూ ఎక్కి దిగింది. అమ్మా, ఇది దోమల పసరు. తాగే నీళ్లల్లో పొయ్యబాకండి, ఆ బిందెలకి గుడ్డ కట్టండి. గొడ్ల తొట్టి రోజూ కడిగి నీళ్లు మార్చండి. మురుగ్గుంటలు, పగిలిన కుండలు, నీళ్లు నిలిచే చోటల్లా ఇది పొయ్యండి అని ఇంటింటా చెప్పింది. అందరూ బుర్రలూపారు. ఊపటానికేం, ఊపుతారు.

వారం గడిచింది. దోమలు తగ్గినయ్యా? తగ్గలా. ఇదేందబ్బా అని గురవమ్మ ఇంటికి పోయి చూస్తే, సీసా దేవుడి గూట్లో ఉంది, దానికి కుంకం బొట్టు కూడా పెట్టి ఉంది! ఏందే గురవమ్మా ఇది అంటే, అయ్యో పిన్నీ, నీ చేతి పసరు పట్టుకపోయి మురుగ్గుంటలో పోస్తానా, కళ్లు పోవూ! మా ఆయనకి నడుం పట్టేస్తే రాద్దామని దాచా అంది. అవతలింట్లో బట్టతల కొండయ్య దాన్ని పూటపూటా నెత్తికి రుద్దుకుంటన్నాడు. రెండు మొలిచినయ్ చెంచమ్మా, ఇటు వెలుతురులోకి వచ్చి చూడు అని తల వంచాడంట. ఇంకొకామె సీసాని బస్సు డ్రైవరు చేతికిచ్చి వాళ్ల చెల్లెలికి పంపిచ్చిందంట. అరవై ఇళ్లల్లో ఒక్కళ్లంటే ఒక్కళ్లు గుంటలో పొయ్యలా!

చెంచమ్మ ఇంటికొచ్చి వసారాలో కూలబడి ఏడ్చింది. లోపల తిరపతమ్మ పైట చెంగుతో పిల్లకి విసురుతానే ఉంది, చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకుంటంది. అప్పుడు నాసరయ్య నోరు తెరిచాడు. ఎప్పుడూ తెరవనోడు తెరిచాడు చూడు. చెంచమ్మా, నువ్వు దాచిపెట్టి ఇచ్చావు, వాళ్లూ దాచిపెట్టుకున్నారు. ఏ ఆకో తెలిస్తే పారబోసేవాళ్లు, అన్నాడు. చెబితే గుణం పోద్దయ్యా, అత్త చేతిలో చెయ్యేశా అందామె. పోతే పోయింది, చెప్పకపోతే పిల్ల ఆటో ఎక్కి పోద్ది. మా అమ్మకి నేను చెప్పుకుంటాలే, అన్నాడు.

తెల్లారి బోరింగు కాడ ఆడోళ్లంతా బిందెలు పెట్టుకోని ఉన్నారు. చెంచమ్మ పోయి మధ్యలో నిలబడింది. కళ్లు మూసుకోని, తప్పైతే కాయి అత్తా అనుకోని, సీతాఫలం ఆకు! అని అరిచింది. ఏందేంది అన్నారు. దోమల పసరు సీతాఫలం ఆకుతో తీస్తా, అంతే, ఇంకేం కలపను అంది. ఇంక చూడు! గురవమ్మ బిందె కింద పెట్టేసింది. ఓస్, సీతాఫలం ఆకా! మా దొడ్లో మేకలు కూడా మూతి పెట్టవు దాన్ని! దీనికా పిన్నీ నేను వారం నుంచి అగరొత్తులు ఎలిగిచ్చింది! అని గబగబా ఇంటికి పోయి, సీసా తెచ్చి, మురుగ్గుంటలో బుడబుడా ఒంపేసింది. ఆమెని చూసి అందరూ ఒంపేశారు. అది చాలకపోతే వాళ్లే ఆకు దూసి, వాళ్లే దంచి, బకెట్లతో పోశారు. భయం లేదు, భక్తి లేదు. కొండయ్య ఒక్కడే కొంచెం బాధపడ్డాడంట.

కానీ చెంచమ్మకి లోపల పీకతానే ఉంది, గుణం పోయిందేమోనని. రెండోరోజు సందేళ ఎవరూ చూడకుండా గురవమ్మ గుంట కాడికి పోయి, చిప్పతో నీళ్లు ఎత్తి చూసుకుంది. ఒక్క పురుగు కదిలితే ఒట్టు! అన్నీ తెల్లగా తేలినయ్. అక్కడే గొంతు కూచోని ఒక్కతే నవ్వుకుందంట. ఆ తర్వాత వారం వారం ఊరంతా పోశారు. దోమలు అసలు లేవంటే అబద్ధమైద్ది, ఒకటీ అరా ఉన్నయ్. ఓస్ ఇదా నీ పసరు అని దారెంట వెక్కిరిచ్చేవాళ్లు కూడా తయారయ్యారు. ఆమెకి చివుక్కుమనింది గానీ, ఇంటికొచ్చి పిల్ల బుగ్గ చూసుకుంటే అదీ పోయింది.

నెల తిరిగింది, మాణిక్యమ్మ ఆటో దిగింది. కళ్లజోడు పెట్టుకోని పిల్లని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఒక్క మచ్చ లేదు. పొద్దస్తమానం వసారాలో కూచుని కూడా చూసింది, ఒక్కసారి కాలు గోక్కోలా. అబ్బ, ఏం చేశావు వదినా అని చెంచమ్మ చెయ్యి పట్టుకుంది. ఒక ఆకు పసరు వదినా అని ఈమె పొంగిపోయింది. అట్టాగా, ఆ ఆకేందో చెప్పు, మా ఇంటి చుట్టూ కూడా పోయిస్తా. పోయించి ఈ ఆదివారమే తల్లినీ పిల్లనీ తీసకపోతా, నాకు మాత్రం మనవరాలు కాదా, నాకు ఆశ లేదా అంది. చెంచమ్మ నాలిక చివరిదాకా వచ్చిన ఆకు పేరు గుటుక్కున మింగేసింది. అది ఇప్పుడు చెప్పకూడదు వదినా, ఐదో నెల రానీ, నీ కోడలికి ఒడి నింపి, పిల్లతో పాటు ఆకు కూడా నీ చేతికే ఇస్తా అనింది.

మాణిక్యమ్మ తక్కువ తిన్నదా? నేరుగా గురవమ్మ ఇంటికి పోయింది, ఏమ్మా, ఏం ఆకు అది అని. వసారాలో మాటలన్నీ గోడవతల గురవమ్మకి వినబడే ఉన్నయ్, అప్పుడే గంపెడు ఆకు దూసి ముందర పెట్టుకోని ఉంది. గంప బోర్లిచ్చి దానిమీద కూచుంది. ఏమో పెద్దమ్మా, ఆయమ్మ మొగుడికే చెప్పదు, మాకు చెబుద్దా అంది. కొండయ్యని అడిగితే, తెలిస్తే నా నెత్తి ఇట్టా ఎందుకుంటది తల్లీ అన్నాడు. ఇంటింటికీ తిరిగింది. అరవై ఇళ్లు! ఒక్కళ్లు చెబితే ఒట్టు. చేసేదేం లేక ఒక్కతే ఆటో ఎక్కింది. తల్లీపిల్లా ఐదో నెలదాకా చెంచమ్మ కాడే ఉన్నారు.

ఊరందరికీ తెలిసిన మాట మూడు నెలలు ఊరు దాటలేదంటే అది వాగొడ్డుపాలెంలోనే చెల్లింది. అదే మన ఊళ్లో ఐతేనా, మాణిక్యమ్మ ఆటో దిగకముందే ఎదురుపోయి చెప్పేవాళ్లు. ఏమే సీతామాలచ్చీ, నవ్వుతావేంది, నిన్నే అంటా.