నీలం చొక్కా కొలత

మిట్టమధ్యాహ్నం. చెల్లెలి టైలరింగ్ షాపు. ఆస్పత్రి నుంచి రిపోర్టు కవరు తెచ్చిన చెల్లెలు షట్టరు సగం దించింది. సిటీ బస్సు కండక్టరైన అక్క డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి కూర్చుంది.

“షట్టరెందుకు దించావ్? బేరాలు పోవూ?”

“పోతే పోనీ. ముందు మంచినీళ్ళు తాగు.”

“తాగా. చెప్పు.”

“బావ కూడా వస్తే...”

“మీ బావకి నేను చెప్పుకుంటాలే. ఏమే, కవరు ఆ మిషను కింద దాచావేంటి?”

“దాచలేదు. పెట్టా.”

“పెట్టినదాన్ని ఇలా ఇవ్వు.”

“నీకర్థం కాదక్కా, అంతా వాళ్ళ భాషలో...”

“టికెట్ లేనివాడిని మొహం చూసి పట్టేస్తా నేను. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇప్పుడు నీ మొహం అచ్చం అలాగే ఉంది. అదేనా?”

“అదే.”

“మెడలోదే మళ్ళీ వచ్చిందా?”

“కాదు. మెడ శుభ్రంగా ఉందట. ఇది వేరే క్యాన్సరట. రొమ్ములోనే కొత్తగా పుట్టిందట.”

“కొత్తదా! ఒకటి చాల్లేదా నాకు?”

“అక్కా...”

“ఏడవకు. ఎవరిదో గుడ్డ, మరకవుతుంది. అది కాదే, థైరాయిడ్ తీయించుకున్న దగ్గర్నుంచి పదకొండేళ్ళు నెలనెలా నా మెడకి టేపు చుట్టి, వేళ్ళతో నొక్కి చూశావ్ కదా. పదమూడు అంగుళాలు దాటిందా ఎప్పుడన్నా?”

“మెడే చూశాం.”

“నిజమే. మనం వీధిగుమ్మానికి కాపలా కూర్చుంటే అది పెరటిగుమ్మంలోంచి దూరింది.”

“డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఈ జబ్బు నయమైనవాళ్ళకి తర్వాతెప్పుడో ఇంకోచోట ఇంకోటి రావటానికి మిగతావాళ్ళకన్నా కాస్త ఎక్కువ అవకాశం, పరీక్షలు మానొద్దు అంది.”

“అందా? నాకు ‘నయమైంది’ అన్న మాటొక్కటే వినబడింది. ఐదేళ్ళు వెళ్ళా, తర్వాత ఎగ్గొట్టా. అయితే అప్పుడు మింగించారే ఆ అయోడిన్ మందు, దానివల్లేనా?”

“అడిగా. దానివల్ల ముప్పు కొంచెం పెరగొచ్చట. నీకు మాత్రం దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరట.”

“అది మింగాక గదిలో ఒక్కదాన్నే పడేశారు, ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది, ఎవరూ దగ్గరికి రాకూడదని. నువ్వు తలుపవతల కుర్చీ వేసుక్కూర్చుని గుండీలు కుట్టావ్. పోనీలే, అది మింగబట్టే మా అమ్మాయి పెద్దదవటం చూశా. మందునేం అనను. ఎంతవరకూ వచ్చింది?”

“ఇంకా స్కానింగులు చెయ్యాలి, అవన్నీ అయితేగానీ...”

“దాటెయ్యకు.”

“చంకలోకి కూడా పాకిందట. ముందే వచ్చుంటే తేలిగ్గా అయిపోయేదన్నారు.”

“ముందే అంటే?”

“ఓ ఆరేడు నెలల ముందు.”

“ఊఁ.”

“అక్కా, నీకొకటి చెప్పాలి. తిట్టు, కొట్టు, నీ ఇష్టం.”

“ఇప్పుడు నిన్ను కొట్టే ఓపిక ఎక్కడిదే?”

“నువ్వు నా దగ్గర కుట్టించుకున్న ఆ నీలం చొక్కాకి కొలత తీసిన రోజు... టేపు ఎడమవైపుకి తెస్తుంటే నా వేలికి తగిలింది.”

“ఏం తగిలింది?”

“గట్టిగా. కోటు గుండీ అంత. నీకు ఒరుసుకుంటుందని ఆ పక్క అర అంగుళం వదులు పెట్టి కుట్టా.”

“వదులు పెట్టావా?”

“పెట్టా. నోరు మాత్రం విప్పలేదు.”

“ఏడు నెలలైంది కదే ఆ చొక్కా కుట్టి!”

“ఏడు నెలల పన్నెండు రోజులు. రోజూ చెప్దామనుకున్నా. రోజూ.”

“మరెందుకు చెప్పలేదు?”

“మెడలో గడ్డ చూసిందీ నేనే కదక్కా. కాలరు గుండీ పట్టట్లేదంటే, ‘ఇక్కడేదో ఉంది’ అని నేనే అన్నా. నేనలా అన్నానో లేదో, నిజమైపోయింది. మళ్ళీ నా నోటితోనే ఎలా అనను? వయసుకి వచ్చిన కొవ్వేమో అనుకున్నా. నీకే తెలుస్తుందిలే అనుకున్నా. పోయిన నెల నువ్వు బస్సులో కడ్డీ పట్టుకోటానికి చెయ్యి లేవట్లేదన్నాక గానీ నిన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి మొరిగిన కుక్కని నేను.”

“చాల్లే.”

“నా భయంతో నిన్ను చేతులారా...”

“చాల్లే అన్నానా! ఇటు రా. ఈ బల్ల మీద కూర్చో. ముక్కు తుడుచుకో.”

“తిట్టక్కా. నువ్వు తిట్టకపోతే నాకు ఊపిరాడేలా లేదు.”

“ఏమని తిట్టను? నాకు తిట్టే హక్కుంటే కదా.”

“అదేం మాట?”

“ఏం లేదులే.”

“ఏం లేదంటే? చెప్పక్కా.”

“చెప్పకూడదనే అనుకున్నా. నువ్వు తట్టుకోలేవు.”

“ఇంతకన్నా ఏముంది తట్టుకోటానికి? చెప్పు.”

“ఆ చొక్కా నేను వేసుకోగా ఒక్కసారైనా చూశావా?”

“లేదు. రంగు నచ్చలేదేమో అనుకున్నా.”

“నాకు చొక్కాలకేం కరువే, డిపోలో ఏడాదికి రెండిస్తారు. నువ్వు కొలత తీసిన ముందురోజు స్నానం చేస్తుంటే నా చేతికే తగిలింది. ఆస్పత్రికి వెళ్దామంటే కాళ్ళాడలేదు. నీ వేళ్ళకి తెలియనిది ఉండదు కదా, నీకు చూపించుకుందామనే కొలతకి నిలబడ్డా. నువ్వేమీ అనలేదు. ఏమీ లేదన్నమాట అనుకుని, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయానే.”