పెరుగు మాన్పించిందెవరు

నరసరావుపేటలో ఒక ఆసుపత్రి గేటు బయట. సుందరరావు నకరికల్లు పక్క పల్లెలో ఆర్‌ఎంపీ వైద్యుడు. మార్తమ్మ అతని సొంత అక్క, అతని కూతురు సుస్మితకు అత్తగారు కూడా. ఏడో నెల గర్భిణి సుస్మిత ఇంకా లోపలే ఉంది.

“నవ్వుతావేందక్కా? నా కూతుర్ని పట్టుకొని దొడ్డికి పోయి డబ్బాలో పెట్టి తెమ్మంటే నీకు నవ్వొస్తందా?”

“నవ్వక ఏం చెయ్యమంటావురా? కోడలి ఏడుపు ఆపటానికి మందియ్యమని తీసుకొస్తే డాక్టరమ్మ డబ్బా చేతికిచ్చింది. ఏడిచేది కళ్ళతోనా, కడుపుతోనా?”

“కడుపుతోనే అంటంది. పేగుల్లో మంచి బాక్టీరియా ఉంటదంట. బిళ్ళలు ఎక్కువై అది చస్తే మనసు కూడా పాడైద్దంట, కడుపుతో ఉన్నోళ్ళకి.”

“పాడైద్దని ఎక్కడందిరా? సంబంధం ఉన్నట్టు కనపడతంది, ఇంకా చాలామందిని పరీక్షించి చూస్తన్నాం, అందుకే ఈ డబ్బా, ఇష్టమైతేనే ఇవ్వమ్మా అంది. సగం విని రంకెలేస్తావు.”

“వెయ్యనా? ఇరవై ఆరేళ్ళ నుంచి సూది పట్టుకున్నా. ఆరు నెలల్లో ఐదుసార్లు యాంటీబయాటిక్ ఎవడిచ్చాడని అడిగిద్దా? ఎవడంట, ఎవడు! నేను ఎదురుగా కూర్చొనుంటే!”

“నేనేనని చెప్పకపోయావా?”

“ఎండ మండిపోతంది. ఒక్క ఆటో రాదేంది?”

“ఆటో సంగతి తర్వాత. ఎందుకు చెప్పలా?”

“ఎందుకు చెప్పాలి? జలుబంటే ఇచ్చా. మూత్రం మంటంటే ఇచ్చా. దగ్గంటే ఇచ్చా. సొంత కూతురని ఖరీదైనవే ఇచ్చా. నీ సంగతి చెప్పు. ఆ మంచి బాక్టీరియా పెరుగులోనూ ఉంటదంట. పెరుగు మాన్పించిందెవరు?”

“పెరుగు తింటే బిడ్డకి ఉబ్బసం వచ్చుద్ది.”

“మజ్జిగ?”

“అదీ పెరుగేగా.”

“పొద్దున్నే చద్దన్నం లేకపోతే బడికి పోయేది కాదు ఆ పిల్ల. అదీ మాన్పిస్తివి.”

“బిడ్డకి నెమ్ము చేసిద్దని మా అత్త నాకు మాన్పించింది, నేను దానికి మాన్పించా. నా కొడుకు, నీ అల్లుడు సుధీర్ బాబు దున్నపోతులాగా పుట్టలా?”

“ఆ పైన వారానికి రెండు ఉపవాస ప్రార్థనలు!”

“దేవుడి జోలికి రామాకు. పిల్ల నిద్రపోకుండా గోడకేసి చూస్తంటే భయమేసి పెట్టించా. దాంతోపాటు నేనూ పస్తున్నా.”

“నువ్వు కడుపుతో ఉన్నావా?”

“నోరు పారేసుకోమాకురోయ్! అరవయ్యేళ్ళదాన్ని!”

“నీ పస్తుల వల్లే.”

“నీ బిళ్ళల వల్లే.”

“నీ వల్లే!”

“చాల్లే, జనం చూస్తన్నారు. ఆ చీటీ ఇటియ్యి.”

“ఏ చీటీ?”

“మేడ మీద మనసు డాక్టరుకి చూపించండి, ఇయ్యాలే చూపించండి అని రాసిచ్చిందే, ఆ చీటీ.”

“ఏమో. లోపలే పెట్టొచ్చానేమో.”

“మరి చేతిలో నలుపుతున్నదేంది?”

“నలుపుతా, చింపుతా, నా ఇష్టం! పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందని పొద్దుగూకేలోపు ఊరంతా తెలిసిద్ది. సుందరరావు కూతురికి పిచ్చంట, వాళ్ళ నాన్న మందులకేనంట అంటారు. ఇంక నా గడప తొక్కేదెవడు? పదో తరగతి తప్పినోణ్ణి. ఈ సూది తప్ప నాకేమొచ్చక్కా?”

“అదీ, అట్టా చెప్పు. పిల్ల కోసం కాదు, గడప కోసం.”

“నీకు లేదా? మార్తమ్మ కోడలికి పిచ్చి పట్టిందంటే చర్చిలో ముందు వరసలో కూర్చుంటావా?”

“నాకూ ఉంది. లేకపోతే ఈపాటికి నీ చేతిలోంచి లాక్కోనా?”

“చింపనా మరి?”

“నన్నడగమాకు.”

“చింపా. అయిపోయింది. ఇంటికి పోయాక నిద్రకి నేనే ఒక బిళ్ళ…”

“మళ్ళీ బిళ్ళంటే చెప్పు తెగుద్ది!”

“సరే, లేదులే. నువ్వు పెరుగు పెట్టు. పూటకో గిన్నెడు. అదే సర్దుకుంటది.”

“గేదె పాలు తోడేసి పెడతా. ఉపవాసాలూ ఆపేస్తా. పుట్టేదాకా ఎట్టాగో లాగితే… అదుగో, వస్తంది. ఆ ముక్కలు కాలికింద తొక్కు.”

“ఏందమ్మా సుస్మితా, ఒక్క డబ్బా ఇచ్చి రావటానికి ఇంతసేపా? మీ అత్త నా ప్రాణం తీస్తంది.”

“మేడ మీదకి పోయొచ్చా నాన్నా.”

“మేడ మీదకా! చీటీ లేకుండా నిన్నెవరు రానిచ్చారు?”

“మెట్లున్నయ్, ఎక్కా. తలుపు తీసే ఉంది.”

“ఏం చెప్పావే? మందులు ఎవరిచ్చారో చెప్పావా? నా పేరు చెప్పావా?”

“ఈ అత్త పేరేమన్నా ఎత్తావా?”

“మీ పేర్లు ఆమె అడగలా అత్తా. బతకాలనుందా అని అడిగింది. లేదని చెప్పా. ఇక్కడే ఉంచుకుంటారంట, మీరు పోయి నా బట్టలు తీసుకురండి.”