పుట్టినరోజు పరామర్శ

ఏమే సెర్వా, ఆ డచ్చి అబ్బాయి వాళ్ళమ్మ పుట్టినరోజుకేనా ఈ ముస్తాబంతా? వెళ్ళు, వెళ్ళు. మా ఒపోకుగాడు చేసినట్టు మాత్రం చెయ్యకు తల్లీ. ఎవరంటావేంటి, మా అక్క కొడుకే! పదిహేడేళ్ళప్పుడు మన ఘానాలోని కుమాసీ నుంచి తిన్నగా ఈ ఆమ్‌స్టర్‌డామ్‌లో నా కొంపకొచ్చి పడ్డాడు. రెండేళ్ళు తిరక్కుండా మార్లూస్ అనే పిల్లతో స్నేహం. వాళ్ళమ్మ హెన్నీ పుట్టినరోజుకి పిలిస్తే వెళ్ళాడు. లోపల ఏముంది? గోడల చుట్టూ కుర్చీలు, అందరూ గుండ్రంగా కూర్చుని, పాట లేదు, ఆట లేదు, తలా ఓ కప్పు కాఫీ, ఒక్కటంటే ఒక్క బిస్కట్టు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు చుట్టూ తిరిగి అందరికీ చేతులు కలుపుతున్నారు. మనం అలా ఎక్కడ చేస్తామే? చావింట్లోనేగా! వీడేమో 'అయ్యో, పండగపూట ఎవరో పోయారు' అనుకుని, కుడివైపు నుంచి మొదలెట్టి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని "దూయే, దూయే" అని మన ఓదార్పు మాట అనుకుంటూ, హెన్నీ దగ్గరికొచ్చేసరికి భోరుమన్నాడు! "పాపం, ఎప్పుడు పోయారండీ?" అని వచ్చీరాని డచ్చిలో అడిగాడు కూడా.

మార్లూస్ మొహం మాడిపోయింది. "మా అమ్మ పరువు తీశావు" అని నెల్లాళ్ళు మాట్లాడలేదట. దాంతో వీడికి పంతం పట్టుకుంది. పెళ్ళయ్యాక డచ్చివాళ్ళని మించిన డచ్చివాడైపోయాడు. నేను వెళితే బిస్కట్టు ఒకటి పెట్టి డబ్బా మూత ఠపీమని వేసేసేవాడే! మన చావులకి రావడం మానేశాడు. మనవాళ్ళు ఊరుకుంటారా? "వచ్చాడమ్మా తెల్లదొర" అని ఎక్కడ కనపడితే అక్కడ వాయింపు. అక్కడేమో నల్లోడు, ఇక్కడేమో తెల్లోడు. ఓరోజు నా వంటింట్లో ఫుఫూ ముద్ద చేత్తో పట్టుకుని, "పిన్నీ, నేను పోతే ఎవరొచ్చి ఏడుస్తారే, మీరా, వాళ్ళా?" అన్నాడు. నోర్ముయ్యరా అన్నాను.

నలభై దాటకుండానే పోయాడు, గుండె ఆగి. మార్లూస్ అరగంటలో ముగించే ఏర్పాటు చేసింది. కాఫీ, తలా ఓ కేకు ముక్క, అంతే. మేమంతా మన చావులకి కట్టే ఎర్రా నల్లా బట్టలు కట్టుకుని, డప్పులు చంకన పెట్టుకుని గుమ్మం బయటే ఆగిపోయాం. "రానిస్తారంటావా?" "మన వాడేనా అసలు?" అని గొణుక్కుంటున్నారు మనవాళ్ళు. అప్పుడు లేచిందే ఆ హెన్నీ, ఎనభై ఏళ్ళ ముసల్ది, కర్ర పట్టుకుని. బయటికొచ్చి, కుడివైపు నుంచి మొదలెట్టి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని "దూయే, దూయే" అంది. నాకు ఏడుపు ఆగలేదే. ఎవరు నేర్పారంటావా? ఇంకెవరు, ఆ పుట్టినరోజునాడు వాడేగా...

ఊఁ. ఆ ఎర్ర గౌను మార్చుకో, బాగాలేదు.