తప్పు మాదేలే

మేడ మీద లాయరమ్మ గది. బల్లకి ఇవతల పేము కుర్చీలు అల్లే ముసలాయన.

“ఆ మాట అన్నారా, అనలేదా? ముందు అది చెప్పండి తాతగారూ.”

“ఏ మాటమ్మా?”

“ఏ మాటో మీకు తెలుసు.”

“ఈ కుర్చీ ఎవరల్లారమ్మా? నడుం దగ్గర జారిపోయింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే బావిలోకి దిగిపోతున్నాడు.”

“కుర్చీ సంగతి తర్వాత. ‘తప్పు మాదేలే’ అన్నారా మీరు, ఆ వ్యాను డ్రైవరుతో?”

“అన్నాననుకో.”

“అనుకోవడం కాదు.”

“అన్నానమ్మా. అన్నాను. అంటే ఏమైంది? కాలు తొక్కినవాడితో కూడా పర్లేదులే నాయనా అంటాం. బస్సులో ఎవరి మోచెయ్యో తగిలితే మనమే పక్కకి జరుగుతాం. అదీ ఒక మాటేనా?”

“ఇప్పుడు ఉన్నదంతా ఆ మాటే. ఇన్సూరెన్సువాళ్ళు రికార్డు చేసింది పంపించారు. పొద్దుటి నుంచి అదే వింటున్నాను. మీ గొంతే. ‘తప్పు మాదేలే నాయనా, మేమే చూసుకోకుండా రోడ్డు మీదికి దిగాం’ అని. ఒక్క అక్షరం మింగకుండా అన్నారు.”

“నేను మెల్లిగా మాట్లాడతానమ్మా. మా ఆవిడ అదే అంటుంది, నువ్వు ఒక మాట మొదలుపెట్టి పూర్తిచేసేసరికి నీళ్ళల్లో వేసిన పేము నానిపోతుంది అని.”

“అసలు దిగారా రోడ్డు మీదికి?”

“దిగలేదు. దిగనే లేదు. ఎండగా ఉందని పేము కట్ట దించుకుని గోడ పక్కన నిలబడ్డాం. ఆ అబ్బాయి పార్సిల్ ఇవ్వాల్సిన ఇల్లు ఫోన్లో వెతుక్కుంటున్నాడు. బండి దానంతటది పక్కకి వచ్చేసింది. దాని మూల మా ఆవిడ తుంటికి కొట్టింది. కట్టకి అటు కొస ఆవిడ, ఇటు కొస నేను పట్టుకుని ఉన్నాం. ఇటు కొస నా చేతిలోనే ఉంది. అటు చూస్తే ఆవిడ లేదు.”

“మరి దిగాం అని ఎందుకన్నారు?”

“ఏడుస్తున్నాడమ్మా వాడు.”

“ఏడిస్తే?”

“స్టీరింగు పట్టుకుని ఏడుస్తున్నాడు. నా పని అయిపోయింది, నన్ను లోపలేస్తారు, మా అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు అని. నోరు ఏడుస్తోంది గానీ చూపు మాత్రం పక్క సందు మీదే ఉంది. బండి వదిలేసి పరిగెడతాడని నాకు తెలిసిపోయింది. వాడు పోతే అక్కడ ఇంకో బండి లేదు, పిలిస్తే పలికే మనిషి లేడు. అందుకని వాడి చెయ్యి పట్టుకున్నా. తప్పు మాదేలే నాయనా, మేమే చూసుకోలేదు, నిన్నెవరూ ఏమీ అనరు, ముందు బండి తియ్యి అన్నా. తీశాడు. ఆసుపత్రిలో డాక్టరు ఏమన్నాడో తెలుసా? లోపల రక్తం పోతోంది, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు అన్నాడు. ఆ మాట అన్నందుకే కదమ్మా ఆవిడ ఉంది ఇవాళ.”

“సరే. అది మీరు అక్కడ, ఆ కంగారులో అన్న మాటైతే నేను వాదించగలను. మనిషిని బతికించుకోవడానికి అన్న మాట అది. జడ్జిగారికి కూడా ఇల్లూ పెళ్ళామూ ఉంటారు.”

“అక్కడ కాక ఇంకెక్కడంటాను?”

“మామ్మగారు అప్పుడు ఏమన్నా మాట్లాడారా?”

“ఆవిడకి స్పృహెక్కడిది? మర్నాటికి గానీ కళ్ళు తెరవలేదు. తెరిచి, కట్ట ఇంటికి చేర్చావా, అక్కడే వదిలేశావా అని అడిగింది.”

“ఒక్క మాట కూడా అనలేదా? బండిలో గానీ, ఆసుపత్రి గుమ్మంలో గానీ? బాగా గుర్తుచేసుకోండి.”

“మూలిగితే మాట కింద లెక్కా?”

“కాదు.”

“అయితే అనలేదు. ఎందుకమ్మా, ఆ కాగితాలు అటు పెట్టి ఇటు పెడతావు? వాటికి కాళ్ళొచ్చి పోతాయా?”

“ఏం లేదు. సర్దుతున్నాను.”

“కింద నీ బోర్డు కూడా కనపడలేదు. మెట్ల దగ్గర నిలబడి అందర్నీ అడిగా. ‘దెబ్బ తగిలిందా, లోపలికి రండి’ అని ఎర్ర అక్షరాల బోర్డు ఉంటుందని మా వీధి మేస్త్రీ చెప్పాడు. వాడి చెయ్యి విరిగినప్పుడు నువ్వే డబ్బులిప్పించావట కదా.”

“అప్పుడు వేరు. ఆ బోర్డు పెట్టకూడదట ఇప్పుడు. దెబ్బ తగిలినవాళ్ళని మేము పిలవకూడదట. కొత్త చట్టం.”

“పిలవకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?”

“తెలియకూడదనే.”

“మేస్త్రీ ఆ రోజు మందు కొట్టి పరంజి ఎక్కాడమ్మా. వాడే చెప్పుకుని నవ్వుతాడు. అయినా వచ్చింది వాడికి.”

“అప్పట్లో తప్పుని పంచేవాళ్ళు తాతగారూ. ఆయనది ఇంత, కాంట్రాక్టరుది ఇంత అని. ఆయన వంతు కోసేసి మిగతాది ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు అలా కాదు. సగం కన్నా రవ్వంత ఎక్కువ తప్పు మన వైపు ఉందని తేల్చారంటే, రెండో వైపు తప్పు కూడా కొట్టుకుపోతుంది. ఏమీ రాదు.”

“రెండో వైపు తప్పు వాళ్ళదే కదా?”

“వాళ్ళదే.”

“అయినా రాదా?”

“రాదు.”

“ఇదెక్కడి లెక్కమ్మా? సగం కుర్చీ విరిగితే మిగతా సగమైనా కళ్ళ ముందు ఉంటుంది.”

“మీకే కాదు, మాకూ మింగుడు పడలేదు. దొంగ కేసులు ఎక్కువైపోయాయట. మెడకి పట్టీ వేసుకుని కోర్టులో కూర్చుని, సాయంత్రం బస్తాలు మోసుకునేవాళ్ళు ఉన్నారట. లాయర్లే నేర్పిస్తున్నారట.”

“నేర్పేవాళ్ళా?”

“కొందరు నేర్పారు.”

“నువ్వో?”

“నేను నేర్పలేదు. నేర్పాల్సినంత తెలివైనవాళ్ళు నా దగ్గరికి రాలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడు కేసు ఓడిపోతే అవతలివాళ్ళ ఖర్చులో కేసు తెచ్చిన లాయరుకి కూడా వాటా వేస్తారు. పక్క గది ఆయన మానేసి ఇళ్ళ రిజిస్ట్రేషన్లు చూసుకుంటున్నాడు. ఎదురుగదిలో ఆవిడ ఇన్సూరెన్సువాళ్ళ వైపే వెళ్ళిపోయింది. జీతం, కారు.”

“మరి నువ్వెందుకు వెళ్ళలేదు?”

“వాళ్ళు అడగలేదు.”

“అడిగే ఉంటారు.”

“అడిగారు లెండి. మీ సంగతి చూద్దాం.”

“మా సంగతి చూడ్డానికి ఏముందమ్మా. రెండో ఆపరేషన్ చేస్తే కర్ర పట్టుకుని నడుస్తుందన్నాడు డాక్టరు. చెయ్యకపోతే ఇక మంచమే. ఎముక వంకరగా గట్టిపడిపోయేలోపు చెయ్యాలట. ఆసుపత్రి కౌంటరులో అమ్మాయిని తేదీ ఎప్పుడిస్తావమ్మా అంటే, కేసు సంగతి తేలిందా అంటుంది. తేలలేదు అంటే, పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు అంటుంది. తేలేదాకా ఇవ్వరట. ఇంట్లో ఆవిడ ఏమో, మళ్ళీ కూర్చుని పేము చీలుస్తానా అని రోజూ అడుగుతుంది. నడుస్తానా అని అడగదు. కూర్చోవడమే అడుగుతుంది. ఇప్పుడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టినా ఆ పక్కకి ఒరిగిపోతుంది.”

“నాకు తెలుసు తాతగారూ.”

“ఒక పని చేస్తా. కోర్టులో నేనే చెప్తా. అయ్యా, నేను అబద్ధం ఆడాను అని. అబద్ధం ఆడినందుకు ఏం చేస్తారో నన్ను చెయ్యమను.”

“ఎప్పుడు ఆడిన అబద్ధం?”

“ఎప్పుడేమిటి? అదే, తప్పు మాదే అన్నది.”

“అదే ఎప్పుడన్నది అని. ఒక్కసారే అన్నారా? తర్వాత ఇంకెప్పుడైనా, ఇంకెక్కడైనా అన్నారా?”

“ఎవరితో అంటానమ్మా? మా ఇంటికి వచ్చేదెవరు?”

“ఎవరొస్తారు?”

“ఎవరూ రారు. మేస్త్రీ వస్తాడు. మా చెల్లెలు వస్తుంది, వచ్చినంతసేపూ తన మోకాళ్ళ గురించే చెప్పుకుని పోతుంది. వాడొస్తాడు.”

“వాడంటే?”

“వాడే. ఆ అబ్బాయి.”

“ఏ అబ్బాయి తాతగారూ?”

“బండి అబ్బాయమ్మా.”

“ఆ డ్రైవరు మీ ఇంటికి వస్తున్నాడా? నాకు చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదు. మంచివాడమ్మా. మొదటిసారి గుమ్మం బయటే నిలబడి లోపలికి రానంటాడు. మా ఆవిడే మంచం మీద నుంచి కేకేసింది, నన్ను గుద్దినప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకురా, రా అని. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వస్తాడు. ఆవిడని పిన్నీ అంటాడు, నన్ను బాబాయ్ అంటాడు. పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి కూర్చోబెడతాడు ఆవిడని. నా వల్ల కాదు, నా నడుం నా మాట వినదు. ఒక రోజు నేనొక్కడినే ఎత్తబోయి ఇద్దరం కింద పడ్డాం. వాడొచ్చేదాకా అలాగే ఉన్నాం, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ.”

“వచ్చి ఏం చేస్తాడు? ఏం మాట్లాడతాడు?”

“ఏం మాట్లాడతాడు. ఆవిడ దుప్పట్లు మారుస్తాడు. మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు ఇవన్నీ నేర్చుకున్నా అంటాడు. అన్నం తిని పో అంటుంది ఆవిడ. ముద్ద కలిపి చేతిలో పట్టుకుని అలా కూర్చుంటాడు. బాబాయ్, నా మీద కోపం లేదు కదా అంటాడు. వచ్చినప్పుడల్లా అదే. పనిలోంచి తీసి కూర్చోబెట్టారు పాపం, మనసులో అదే తిరుగుతుంటుంది మరి.”

“మీరేమంటారు?”

“తినేవాడి ముందు ఏమంటాం చెప్పు. ఏదో అంటాం. వాడు ఆ ముద్ద నోట్లో పెట్టుకోవాలి కదా.”

“ఏదో అంటే?”

“ఏదోనమ్మా. నువ్వు పోలీసులా అడుగుతున్నావు.”

“ఇప్పటికీ పని లేదా అతనికి?”

“వచ్చిందిగా. పోయిన వారమే మళ్ళీ పిలిచారు. అదే ఆఫీసు, అదే బండి. పళ్ళు పట్టుకొచ్చాడు. మా ఆవిడ వాడి కన్నా ఎక్కువ సంతోషపడింది. వాడేమో తలకాయ వంచుకుని కూర్చున్నాడు. ఆ రోజు మాత్రం కోపం లేదు కదా అని అడగలేదు. ఏంటమ్మా అలా అయిపోయావు?”

“ఏం లేదు. నీళ్ళు తాగుతారా?”

“నాకొద్దు. నువ్వు తాగు. నాకు ఇప్పుడు తట్టింది. సాక్ష్యం కావాలంటే వాడే ఉన్నాడు కదా. మేము దిగలేదని వాడికి తెలుసు. ఫోను చూసుకుంటున్నా, బండి పక్కకి పోయింది అని వాడే చెప్తాడు. అడిగితే కాదనడు. పిలవనా? కిందే ఉన్నాడు.”

“కిందనా?”

“మమ్మల్ని తీసుకొచ్చింది వాడే. ఆవిడ నిన్ను చూడాలంది. తీరా వచ్చాక ఈ మెట్లు చూసి వద్దన్నా. బండి వెనక పరుపు వేసి పడుకోబెట్టాడు. తలుపు తీసి అట్టముక్కతో విసురుతున్నాడు ఆవిడకి. ఈ కిటికీలోంచి పిలిస్తే వినపడుతుంది.”

“వద్దు.”

“ఒక్క నిమిషం పని.”

“పిలవకండి తాతగారూ. కిటికీ దగ్గరికి వెళ్ళకండి. కూర్చోండి.”

“ఆ బావిలోనా?”

“నా కుర్చీలో కూర్చోండి.”

“నువ్వేదో దాస్తున్నావమ్మా. ముసలాడిని గానీ మొహం చూస్తే తెలియనంత చూపు పోలేదు నాకు.”

“మీరు ఇంటికి వెళ్ళండి. నేను ఇంకోసారి కంపెనీవాళ్ళతో మాట్లాడతాను.”

“ఆ రికార్డు ఏదో నాకూ వినిపించు. నా మాట నేను వింటే తప్పేముంది?”

“ఇప్పుడొద్దు.”

“బండిలో అలాంటిది ఉందని వాడు నాకెప్పుడూ చెప్పలేదు. ఉందని తెలిస్తే నోరు మూసుకుని ఉండేవాణ్ణేమో. ఏమో. ఉండేవాణ్ణి కాదు లే.”

“బండిలో ఏమీ లేదు.”

“లేకపోతే ఎలా వచ్చింది మరి? రోడ్డు మీద మేము ముగ్గురమే.”

“తాతగారూ, ఆ రోజు మామ్మగారికి స్పృహ లేదన్నారు కదా.”

“లేదు. ఒట్టు.”

“ఇందులో మీ మాట అయిపోయాక ఆవిడ గొంతు ఉంది. ‘అవును నాయనా, నేనే చూసుకోలేదు. ఇంకో ముద్ద తిను’ అంటున్నారు.”

“ముద్దా? అది మా ఇంట్లో, ఆదివారం అన్న మాటమ్మా.”

“దెబ్బ తగిలిన మనిషి, ఇంట్లో, నిమ్మళంగా, తన నోటితో తనే అన్న మాట. దీని ముందు నేనేం చెప్పినా నిలబడదు. తాతగారూ, వింటున్నారా? అతను కిందే ఉన్నాడు కాబట్టి అడుగుతున్నాను. నేను దిగి మాట్లాడనా?”

“వద్దమ్మా.”

“అడగొద్దా? ఎందుకు రికార్డు చేశాడో కూడా అడగొద్దా?”

“ఇప్పుడు అడిగితే వాడు తలెత్తుకోలేక బండి దిగి వెళ్ళిపోతాడు. మరి ఆవిడని ఎత్తి మంచం మీద వేసేదెవరమ్మా?”